ఆకు పసుపైతే ఎరువేనా మందు?

మా దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ మేడల మీద కుండీల్లో కరివేపాకు, మందారం పెంచే చాలామందిది ఒకటే గోల: లేతాకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. వెంటనే ఇంకో రెండు గుప్పెళ్ళు వర్మీకంపోస్టు పడుతుంది. నన్నడిగితే ఇది మెమరీ లీకుకి ర్యామ్ పెంచడం లాంటిదే!

మట్టిలో ఇనుము ఉన్నా, పీహెచ్ 7.5 దాటితే వేళ్ళకి సరిగా అందదు. పీహెచ్ పెంచేది రోజూ పోసే బోరు నీళ్ళలోని బైకార్బొనేట్లు, పైన చల్లే కట్టెల బూడిద. నిమ్మరసం పోసినా, మర్నాడు మళ్ళీ అవే నీళ్ళేగా?

ముందు పీహెచ్ కొలవండి. 6 నుంచి 7 మధ్య ఉంటే చాలా మొక్కలకి హాయి. ఎక్కువుంటే బూడిద ఆపి, వాన నీళ్ళు పట్టి పోయండి. గంధకం పొడి చిటికెడే. దాన్ని ఆమ్లంగా మార్చేది సూక్ష్మజీవులు, వారాలు పడుతుంది. ఈలోగా కంగారుపడి మళ్ళీ వేయకండి.

సేంద్రియం కదా అని ఎంతైనా వేసెయ్యొచ్చా? ఏమంటారు?