కొద్దిమంది, పెక్కు మేళములు

ఈ మాసము ఉత్తర అట్లాంటిక్ సముద్రమందలి యొక చిన్న దేశపు గాయనీగాయకులను గూర్చి ముచ్చటించుకొందము.

ఐస్లాండు ద్వీపమందలి జనసంఖ్య నేటికిని 4 లక్షలకు లోపే. 1980లో అది 2¼ లక్షలు మాత్రమే. అందు పెక్కురు రెయిక్యవిక్ నగరమునను దాని చుట్టుపట్లను వసించువారు. అంత చిన్నచోట గిటారులు, డ్రమ్ములు చేపట్టి రాక్ సంగీతము వినిపించు యువజనులు ఎందరుందురు? కొద్దిమందియే. అయినను మేళములు మాత్రము పెక్కు. ఒక్కొక్కరు రెండు మూడు మేళములలో చేరుటయే దీనికి కారణము. ఒకచోట మానిన వాద్యగాడు మరియొకచోట కనబడును.

1982లో ఫ్రిద్రిక్ థోర్ ఫ్రిద్రిక్సన్ ఈ మేళములలో పెక్కింటిని ఒక చలనచిత్రమున చూపెను. యువతులే కూడి నడపిన గ్రీలుర్నర్ మేళమును అందు కలదు. మరుసటి యేట రేడియోలో నొక సంగీత కార్యక్రమము ముగియుచుండగా, వేర్వేరు మేళములవారిని ఏరి కూర్చి పాడించిరి. ఆ కూర్పు విడిపోక కుక్ల్ అను మేళమయ్యెను. ఆ పేరునకు మంత్రవిద్య యని యర్థము. బ్యోర్క్ అను యువతి, ఐనర్ ఓర్న్, సిగ్ట్రిగ్గుర్ బాల్డుర్సన్ మున్నగువారు అందలివారే.

వీరును, మరికొందరు కవులును చేరి 1986లో స్మెక్‌లేసా అను ప్రచురణ సంస్థను స్థాపించిరి. ఆ యేటి అక్టోబరులో రీగను, గోర్బచేవులు రెయిక్యవిక్కున సమావేశమైరి. ఈ మిత్రులు ఆ సందర్భమున చిత్రించిన కార్డులు అచ్చువేసి అమ్మి, వచ్చిన సొమ్ముతో తమ తొలి రికార్డు వెలువరించిరి. ఆ మేళమే షుగర్‌క్యూబ్స్, అనగా పంచదార బిళ్లలు.

మనము గమనింపదగిన విషయ మిక్కడ నొకటి కలదు. ఆ మేళము పుట్టిన 1986 జూను మాసముననే బ్యోర్క్ పుత్రుని గనెను. ఆమె వయస్సప్పటికి ఇరువదియేండ్లు. భర్త థోర్ ఎల్డన్ ఆ మేళమున గిటారు వాయించువాడు. అనతికాలముననే వారి దాంపత్యము విడిపోయినది. అయినను 1992లో మేళము ముగియువరకు ఇరువురును ఒకే వేదికపై నుండిరి. ఇట్లుండుట సులభమని నేననను. మనసు నొచ్చినవారికి ఎడముగా నుండుటయే సుఖము. కాని చిన్న దేశమున తప్పుకొని పోవుటకు వేరొక వీధి యేది? కోపముతో లేచిపోయినచో పాటయు పోవును. ఆమె బిడ్డను విడువలేదు, పాటను విడువలేదు.

1988లో వెలువడిన వారి తొలి సంపుటము పరదేశములలో పేరుగాంచెను. స్మెక్‌లేసా ఇతరుల రచనలకును పాటలకును ఆశ్రయమయ్యెను. 1997లో సిగుర్ రోస్ మేళము తొలి సంపుటమును వెలువరించినది ఆ సంస్థయే. ఆ మేళమునకు తంత్రీవాద్యములు సమకూర్చిన నలుగురు యువతులు అమీనా అను పేరిట తమ సొంత సంగీతమును వినిపించిరి. వీరు సంగీత విద్యాలయమున శిక్షణ పొందినవారు. బ్యోర్క్ సయితము పసితనముననే అట్టి పాఠశాలలో చేరినది. ఆ దేశమున సంగీత పాఠశాలలకు పురపాలక సంఘములు ధనమిచ్చును. కావున కూడి వాయించుట అలవడిన పిల్లలు అచట కొరవడరు.

ఇందు చిక్కులును లేకపోలేదు. అందరు అందరికి మిత్రులైనచోట, నీ పాట బాగులేదని మొగముమీద చెప్పువాడు దొరకుట కష్టము. ఒకరితో కలహించినచో ముగ్గురు దూరమగుదురు. కాని యొకరి వాద్యము మరియొకరికి, ఒకరి పేరు పదిమందికి నక్కరకు వచ్చుటయు ఆ సాన్నిహిత్యము వలననే.

వినగోరువారు షుగర్‌క్యూబ్స్ తొలి సంపుటమును, పిమ్మట అమీనావారి 2007 నాటి కుర్ర్ అను సంపుటమును వినవచ్చును. మొదటిది గోలగా తోచినను, రెండవది పిల్లలు నిద్రించువేళ సయితము వినదగినది.