వాతము కాదు, నీటి దోషము

నడుము వంగి, మెడ త్రిప్పలేక, గొంతుకూర్చున్న చోటినుండి ఒకరు చేయి యందించినగాని లేవలేని మనుష్యుని జూచినప్పుడు వాతరోగమని యెంచుట సహజము. ఆ యూహ పొరపాటని నిరూపించిన వ్యాసమొకటి 1937వ సంవత్సరమున ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చి యందు ప్రకటితమైనది. దానిని రచించినవారు షార్టు, మెక్‌రాబర్టు, బర్నార్డు, నాయరు అను నలుగురు వైద్యులు. షార్టు అప్పుడు మద్రాసు గిండీలోని కింగు ఇన్‌స్టిట్యూటునకు అధ్యక్షుడు. మలేరియా క్రిమి మానవుని కాలేయమున పెరుగునని 1948లో గార్న్‌హామ్‌తో గూడి లోకమునకు దెలిపినవాడు నీతడే. వారు పరిశీలించిన రోగులు నాటి నెల్లూరు జిల్లావారు. ఆ జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతములు 1970లో కొత్తగా నేర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. ఆ జిల్లాయే తరువాత ప్రకాశము పేరు దాల్చినది.

క్రయొలైటు ఖనిజపు ధూళిని పీల్చిన డెన్మార్కు కార్మికుల యెముకలు మార్పుజెందుటను మోలరు, గుడ్యోన్‌సనులు 1932లోనే గుర్తించియుండిరి. కాని కర్మాగారము మొగము నెరుగని పల్లెలలో కేవలము బావినీరే ఆ పని చేయుచున్నదని చెప్పుట సామాన్య విషయము కాదు. రోగక్రమమును వారు వర్ణించిన తీరు నేటికిని చదువదగియున్నది. బాల్యమున పండ్లపై మచ్చలు. యౌవనము ముదురునప్పటికి కాళ్లుచేతులలో తిమ్మిరి, కీళ్లనొప్పి. పిమ్మట నడుము, వీపు, మెడ క్రమముగా బిగిసి వెన్నెముక యంతయు ఒకే స్తంభమగుట. ఫ్లోరైడు ఎముకలో చేరి దానిని దట్టము గావించును. కీళ్లను కట్టియుంచు స్నాయువులు సున్నమెక్కి రాయివలె నగును. వెన్నుగాడి యిరుకై అందలి వెన్నుపాము నలిగి, తుదకు కాళ్లు పడిపోవును. ఎక్స్‌రే పటము చూడని వైద్యుడు దీనిని కీళ్లవాతమని, వెన్నుబిగువు రోగమని భ్రమించి యేండ్ల తరబడి నొప్పిమాత్రలిచ్చుట వింతగాదు.

1940లో పండిట్, రాఘవాచారి ప్రభృతులు జరిపిన పరిశోధన మరియొక సత్యమును చేర్చినది: ఒకే నీరు త్రాగినను, తిండి చాలని పేదను ఈ రోగము మరింత తీవ్రముగ పీడించును. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగులనుగూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. పటిక, సున్నములతో నీటిని శుద్ధిచేయు పద్ధతిని 1970 దశాబ్దమున నాగపూరు శాస్త్రజ్ఞులు కనుగొనగా దానికి నల్లగొండ పేరే పెట్టిరి. ఒక జిల్లాకు ఇట్టి ప్రఖ్యాతి లభించుట మాకు సంతోషకరము గాదు.

పరిశోధకులు తమ పని తాము చేసిరి. లోపమెక్కడనున్నదనగా, 1937లో దెలిసిన కారణమునకు తెలంగాణమున ఇంటింటికి నదీజలమును చేర్చు మిషన్ భగీరథ వచ్చినది 2016లో. నడుమ గడచిన డెబ్బదితొమ్మిది యేండ్లలో పుట్టి, పెరిగి, వంగిపోయినవారి లెక్క యెవరు చెప్పవలెను? పైగా ఆ కాలముననే, చెరువులు పూడుచుండగా, గొట్టపుబావులను మరింత లోతునకు దింపి, నల్లరాతి పొరలలో ఫ్లోరైడును కరగించుకొన్న నీటిని మనమే పైకి తోడుకొంటిమి.

ముదిరిన రోగమునకు మందు లేదు. గట్టిపడిన యెముకను తొలిచి వెన్నుపామునకు చోటు కల్పించు శస్త్రచికిత్స కష్టసాధ్యము; దానివలన గలుగు మేలును పరిమితమే. కనుక మంచినీరే చికిత్స. గొట్టములు వేయుటతో ఆ చికిత్స పూర్తియైనదని అధికారులు తలంచుచో మే మంగీకరింపజాలము. కుళాయి రెండు దినములు రాకున్న పల్లెవాడు తిరిగి పాత బోరు చేతిపంపు దగ్గరకే పోవును. ఆ బోరులో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్నదో లేదో వానికి చెప్పువారెవరు? ఇన్ని వ్యాసములును ఆంగ్లమున వెలువడినవి. ఆ నీటిని త్రాగినవారికి అందులో నొక్క పుటయైనను అందలేదు. ప్రతి వేసవియందును ఊరి బోరులన్నింటిని పరీక్షింపించి, ఫలితమును తెలుగున పంచాయతీ గోడమీద వ్రాయింపవలెను. దోషమున్న బోరు చేతిపంపునకు ఎఱ్ఱరంగు పూయింపవలెను. ఇదివరకే వంగిపోయినవారికి పింఛను ఏ నెలకానెల తప్పక ముట్టవలెను. ఈ మూడింటిలో ఏ యొక్కదానికిని కొత్త పరిశోధనతో పనిలేదు.