భద్రాచలం ఏజెన్సీలో డిజిటల్ పాఠాలు: తెర వచ్చింది, మరి భాష సంగతేంటి?

2025 జూన్‌లో తెలంగాణ సర్కారు బడి చదువుల కోసం ఆరు సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. నందన్ నీలేకని వాళ్ల ఎక్‌స్టెప్ ఫౌండేషన్ ప్రైమరీ పిల్లలకు ఏఐ సాయంతో చదవడం, లెక్కలు చేయడం నేర్పిస్తుంది. ఖాన్ అకాడమీ హైస్కూలు పిల్లలకు సైన్సు, లెక్కల వీడియోలు ఇస్తుంది. ఫిజిక్స్‌వాలా ఇంటర్ పిల్లల నీట్, జేఈఈ కోచింగ్ చూసుకుంటుంది. హైదరాబాద్‌లో కూర్చుని చదివితే మంచి ఖబర్. అదే ఖబర్‌ను చర్ల, దుమ్ముగూడెం, కరకగూడెం, గుండాల మండలాల నుంచి చదివితే కొన్ని సవాళ్లు వస్తాయి. ఆ సవాళ్లు కోయ పిల్లలవి మాత్రమే అనుకుంటే పొరపాటు. కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు, ఖమ్మంలో చదువుకునే మన పిల్లలవి కూడా. ఎందుకో కింద చెప్తాను.

ముందు గోదావరి ఒడ్డు సంగతి. రెండు సర్కార్ల డిజిటల్ చదువును ఒకేసారి పక్కపక్కన చూడాలంటే భద్రాచలం కంటే మంచి చోటు ఉండదు. 2014లో పోలవరం పేరుతో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల భూభాగం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయింది. చింతూరు, కూనవరం, వీఆర్ పురం పోయాయి. భద్రాచలం టౌన్ తెలంగాణలోనే ఉండిపోయి, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక అటు పోయింది. టౌన్ నుంచి ఆటో ఎక్కితే మీటర్ తిరిగేలోపే రాష్ట్రం మారిపోతుంది. అటూ ఇటూ మాట్లాడేది అదే కోయ భాష, చుట్టాలు కూడా వాళ్లే. కానీ బడిలో సామాను వేరు.

అటువైపు ఏం జరిగిందో చూద్దాం. 2022 జూన్‌లో ఏపీ సర్కారు బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది డిసెంబర్ 21న 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5,18,740 ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. సర్కారు చెప్పిన ఖర్చు రూ.686 కోట్లు. కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి ముందు భాగహారం చేస్తాను: ఒక్కో ట్యాబ్‌కు సుమారు రూ.13,200. పాఠాలు ముందే అందులో వేసి ఇచ్చారు, నెట్ లేకపోయినా నడుస్తాయి. అడవి ప్రాంతానికి ఇది తెలివైన ఏర్పాటే, ఒప్పుకోవాలి. 2023 డిసెంబర్‌లో మళ్లీ పంచారు, ఆ సభ అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలోనే పెట్టారు. తర్వాత? 2024 జూన్‌లో సర్కారు మారింది. జులైలో బైజూస్ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ట్యాబ్‌ల పంపిణీ ముందుకు సాగలేదు. ఎనిమిదో తరగతిలో ట్యాబ్ అందుకున్న పిల్లవాడు పదో తరగతికి వచ్చేసరికి పాఠం తయారుచేసిన కంపెనీ కోర్టులో ఉంది, పథకం పెట్టిన సర్కారు ప్రతిపక్షంలో ఉంది.

కామర్స్‌లో తరుగుదల అని ఒక పాఠం ఉంటుంది. కంప్యూటర్‌కు ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కల్లో ఏడాదికి 40 శాతం తరుగు రాసుకోనిస్తారు. అంటే ఈ సామాను ఎంత త్వరగా పాతబడుతుందో చట్టానికి కూడా తెలుసు. కొనేటప్పుడు ఫొటోలు దిగడమే గానీ రిపేరుకు డబ్బులు ఎక్కడి నుంచి వస్తాయో ఎవరూ చెప్పరు. సమగ్ర శిక్ష కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే గ్రాంటు రూ.10 వేలు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, చీపుర్లు, చిన్నా చితకా రిపేర్లు అన్నీ అందులోనే. అడవి గూడేల్లో ఎక్కువ బడులు ఈ లెక్కలోకే వస్తాయి. ఒక్క స్క్రీన్ పగిలితే ఆ ఏడాది గ్రాంటు ఖతం.

ఇటువైపు, అంటే తెలంగాణలో, దారి వేరే. కరోనా టైంలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు వేశారు. టీవీ ఉన్న ఇంట్లో కేబుల్ ఉండాలి, కేబుల్ ఉన్నచోట కరెంటు ఉండాలి, అన్నీ ఉన్నాక పక్కన కూర్చుని సందేహం తీర్చే మనిషి ఉండాలి. మన ఇళ్లలోనూ ఆ ఏడాది ఎట్లా గడిచిందో చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అబ్బా పనికి పోతే ఫోన్ ఆయనతోనే పోయేది, ఇంట్లో ముగ్గురు పిల్లలు సాయంత్రం దాకా ఎదురుచూసేవాళ్లు. తర్వాత 2022 మార్చిలో మన ఊరు మన బడి వచ్చింది, మొదటి విడతలో 9,123 బడులు. అందులో డిజిటల్ సదుపాయాలు కూడా ఒక పద్దు. ఆ తర్వాత హైస్కూళ్లకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. ఇప్పుడు ఏఐ. పిల్లల చేతికి ట్యాబ్ ఇవ్వకుండా బడిలో ఒక గదిలో సామాను పెట్టి బ్యాచ్‌లుగా కూర్చోబెట్టడం ఇక్కడి పద్ధతి. నా లెక్కలో ఇది ట్యాబ్ కంటే నయం, సామాను బడిదిగా ఉంటుంది, ఈ ఏడాది పిల్లలు వెళ్లిపోయినా వచ్చే ఏడాది పిల్లలకు పనికొస్తుంది. కానీ దీనికి కంప్యూటర్ల గది కావాలి. హైస్కూలు ఆవరణలోనే ఉన్న ప్రైమరీ స్కూలుకు అది తేలిక. గుట్ట మీద గూడెంలో 18 మంది పిల్లలున్న బడికి ఆ గది ఎక్కడ?

ఇక టీచర్ సంగతి. 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో ఒకే టీచర్‌తో నడిచే బడులు 1,04,125. తెలంగాణలో సుమారు 5 వేలు. ఒకే మనిషి ఐదు తరగతులను చూసుకోవాలి. ఇలాంటి చోట వీడియో పాఠం వరమే, ఒక తరగతికి వీడియో పెట్టి ఇంకో తరగతికి చదివించొచ్చు. నెట్ సరిగా రాని బడులకు టౌన్‌లోనే ఫోన్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో దింపుకుని వెళ్లే టీచర్లు ఉన్నారు. వాళ్లకు సర్కారు ఇచ్చే సాయం కంటే వాళ్ల సొంత డేటా ప్యాక్ ఖర్చే ఎక్కువ. దీక్ష యాప్‌లో పాఠాలు డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా చూడొచ్చు, పుస్తకాల మీద ఉండే క్యూఆర్ కోడ్‌లు అందుకే. నెట్‌వర్క్ మాటకొస్తే, సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వడానికి కేంద్రం 2022 జులైలో రూ.26,316 కోట్లు ఓకే చేసింది. నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 పాత 2జీ టవర్లను 4జీకి మార్చడానికి అదే ఏడాది ఏప్రిల్‌లో వేరే మంజూరు ఇచ్చింది. టవర్ల పని నెమ్మదిగానైనా నడుస్తోంది. కాబట్టి సిగ్నల్ లేదన్న మాట ఇంకో రెండు మూడేళ్లకు పాతబడొచ్చు. అప్పుడు మిగిలే అసలు అడ్డంకి వేరేది.

అది భాష. కోయ మాట్లాడేవాళ్లు 2011 జనగణన ప్రకారం 4 లక్షలకు పైనే. గూడెంలో పిల్లవాడు ఐదేళ్లు కోయలో పెరిగి ఒకటో తరగతికి వస్తాడు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. వాడికి రెండూ పరాయివే. ఇప్పుడు దాని మీద వీడియో పెడితే, మూడో పరాయి గొంతు. గుత్తికోయలది ఇంకా కష్టం: 2005 తర్వాత సల్వాజుడుం గొడవల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవి అంచున స్థిరపడ్డ కుటుంబాలు, వాళ్ల పిల్లలకు తెలుగు చెవిన పడేదే తక్కువ. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలోనే కోయ, గోండి, కొలామీ, బంజారా సహా ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు, కోయలో వాచకాలు వేశారు. ఆ ఆలోచన సరైనది. కానీ డిజిటల్ యుగం వచ్చాక ఆ వాచకాలు వీడియోలుగా మారలేదు. కేంద్ర గిరిజన శాఖ 2025 సెప్టెంబర్‌లో ఆది వాణి అనే ఏఐ అనువాదం యాప్ తెచ్చింది. మొదట అందులో సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ ఉన్నాయి. కోయ లేదు.

ఇక మన ఇంటికి రండి. మన పిల్లల్లో కొందరు ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు, కొందరి ఇంట్లో పుట్టినప్పటి నుంచి తెలుగే. ఉర్దూ ఇంటి పిల్లకు తెలుగు వీడియో అర్థమవుతుంది, కానీ సగమే. బజారు తెలుగు వేరు, ‘కిరణజన్య సంయోగక్రియ’ తెలుగు వేరు. కోయ పిల్లవాడి కష్టమే ఇది, కాస్త తేలికపాటిది. ఉర్దూ రాజ్యాంగం గుర్తించిన భాష కాబట్టి భాషిణి లాంటి సర్కారు అనువాదం సాధనాల్లో ఉంది, కోయకు ఆ హోదా కూడా లేదు. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ మీడియా సెంటర్ ఉర్దూలో పాఠాల వీడియోలు చాలా పెట్టింది. కానీ అవి ఎక్కువగా డిగ్రీ, బీఈడీ వాళ్లవి, ఏడో తరగతి పిల్లకు పనికొచ్చేవి తక్కువ. ఉర్దూ మీడియం బడిలో టీచరే ఉంటే ఆ లోటు తీరేది. కానీ డీఎస్సీ వచ్చినప్పుడల్లా ఉర్దూ పోస్టుల్లో కొన్ని రిజర్వేషన్ రోస్టర్‌లో అభ్యర్థులు దొరక్క మిగిలిపోతున్నాయి. మిగిలిన పోస్టు ముందు ప్యానెల్ పెట్టినంత మాత్రాన అది టీచర్ అయిపోదు.

తెరతో చదువు వస్తుందా రాదా అన్నదానికి ప్రపంచంలో చాలా పరీక్షలు జరిగాయి. రెండు చెప్తాను. పెరూ దేశంలో పిల్లలకు లక్షల్లో ల్యాప్‌టాప్‌లు పంచారు. సుమారు 300 పల్లె బడుల్లో చూస్తే లెక్కలు, భాషలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, 2012లో ఆ రిపోర్టు వచ్చింది. రెండోది ఢిల్లీది. కార్తీక్ మురళీధరన్, ఆయన తోటి ఆర్థికవేత్తలు మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను బడి అయ్యాక నడిచే సెంటర్లలో పరీక్షించారు. నాలుగున్నర నెలల్లోనే లెక్కలు, హిందీ రెండింట్లో పిల్లలు బాగా ముందుకెళ్లారు. తేడా ఎక్కడుంది? ఢిల్లీలో ఆ సాఫ్ట్‌వేర్ పిల్లవాడు ఏ స్థాయిలో ఉన్నాడో చూసి అక్కడి నుంచి నేర్పింది. ఆరో తరగతి పిల్లవాడు లెక్కల్లో మూడో తరగతి దగ్గరే ఆగిపోతే మూడో తరగతి లెక్కే ఇచ్చింది. ఇంకో ముఖ్యమైన సంగతి చాలామంది వదిలేస్తారు: ఆ సెంటర్లలో రోజూ 90 నిమిషాల్లో సగం మాత్రమే కంప్యూటర్, మిగతా సగం చిన్న గుంపుగా కూర్చోబెట్టి ఒక మనిషి చెప్పడం. పైగా పాఠం వాళ్ల ఇంటి భాషలో ఉంది.

దీన్ని బట్టి ఎక్‌స్టెప్ ఏఐ పద్ధతికి నా ఓటు ఉంది, అది స్థాయిని చూసి నేర్పేదే కాబట్టి. కానీ భద్రాచలం ఏజెన్సీలో అది ఫలించాలంటే మొదటి రెండేళ్లు కోయ మాట్లాడే మనిషి పక్కన ఉండాలి. గూడెంలో ఇంటర్, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కోయ యువతీ యువకులు ఉన్నారు. ఒక ట్యాబ్ ధరకు ఒక్కరికి రెండు మూడు నెలల గౌరవ వేతనం వస్తుంది. భద్రాచలం ఐటీడీఏ ప్రైమరీ పిల్లల కోసం ఉద్దీపకం పేరుతో వర్క్‌బుక్‌లు తెచ్చింది. వాటికే కోయ గొంతుతో చిన్న ఆడియోలు జోడిస్తే ఖర్చు ఎంతని? ఒక మంచి మైక్, ఒక గది, చెప్పే మనిషి.

ఆడపిల్లల మాట కూడా చెప్పాలి. అసర్ 2024 సర్వేలో పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్నది మగపిల్లల్లో 36 శాతం, ఆడపిల్లల్లో 27 శాతం. ఆ వారంలో చదువు కోసం ఫోన్ వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. కాబట్టి అమ్మీల భయం ఉత్తిదే అనలేం. అలాగని కూతురి చేతికి ఫోన్ అసలు ఇవ్వకుండా కొడుక్కి మాత్రం ఇస్తే, అదే భయం కొడుకు విషయంలో ఎందుకు లేదన్న ప్రశ్న వస్తుంది. చాలా ఇళ్లలో ఈ ప్రశ్న అడగరు. రాత్రి గంటసేపు హాల్లో అందరి ముందు, పాఠం డౌన్‌లోడ్ చేసి పెట్టిన ఫోన్, కొడుక్కీ కూతురికీ ఒకే టైం. దీనికి డబ్బు అక్కర్లేదు.

వాలిదైన్ బడికి వెళ్లి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. 2024 నుంచి ప్రతి సర్కారు బడిలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంది, మహిళా సంఘం తరఫున ఒక తల్లి అధ్యక్షురాలు, హెడ్‌మాస్టర్ కన్వీనర్. మన అమ్మీలు ఆ మీటింగ్‌కు పోవడం తక్కువ. పోయి అడగండి: ప్యానెల్ ఉంటే అది వారంలో ఎన్ని పీరియడ్లు నడిచింది? చెడిపోతే ఎన్ని రోజుల్లో బాగైంది, ఎవరి డబ్బుతో? వీడియో అయ్యాక టీచర్ పిల్లలతో మాట్లాడారా, లేక వీడియోనే పీరియడా? మీ పిల్లకు తెలుగు వీడియో అర్థం కాకపోతే ఉర్దూలో చెప్పేవాళ్లు ఎవరు?

మస్జిద్ కమిటీలకు కూడా ఒక మాట. చాలాచోట్ల మక్తబ్ గది అసర్ తర్వాత గంటన్నర నడిచి మిగతా టైం తాళం వేసి ఉంటుంది. ఒక టీవీ, ఒక పెన్‌డ్రైవ్, బస్తీలో బీఎస్సీ చదివిన ఒక ఆపాకు నెలకు కొంత హదియా ఇస్తే, ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలకు పాఠాన్ని ఉర్దూలో, తెలుగులో కలిపి చెప్పించొచ్చు. పక్క వీధి కోయ పిల్లలు, లంబాడా పిల్లలు వస్తామంటే తలుపు తీసే ఉంచండి. పదో తరగతి పరీక్షలు మార్చిలో. సంక్రాంతి సెలవుల్లోపు మొదలుపెడితే లెక్కలు, ఫిజిక్స్ రెండు సబ్జెక్టులకు రెండు నెలలైనా దొరుకుతాయి.