ఈ ప్రశాంతత ఎవరిది?

దివిసీమ వెళ్లొచ్చిన మిత్రులు డిసెంబరు ఫొటోలు పెడుతున్నారు. మంచులో కాలవగట్టు, తాటిచెట్లు, హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటు. కింద "ఎంత ప్రశాంతంగా ఉందో" అని రాస్తున్నారు. ఫొటోలు బాగున్నాయి. ఆ ప్రశాంతతతోనే నాకు పేచీ.

డెల్టాలో చలికాలం నిశ్శబ్దంగా ఉండే కాలం కాదు. అది వరికోతల కాలం. కోతలు, కుప్పలెయ్యడం, నూర్పిళ్లు: మా పేటల్లో పొయ్యి వెలిగించింది ఆ పనే. ఆడవాళ్లు, పిల్లలు పరిగె ఏరుకుంటే ఇంకొన్ని రోజులు గడిచేవి. ఇప్పుడు కోతమిషన్ ఒక్క పూటలో ఎకరాలకెకరాలు తేల్చేస్తుంది. పని పోయిన మావాళ్లు మిరప కోతలకు, తాపీ పనులకు ఊరు దాటారు. పేటలో ముసలివాళ్లు, తలుపులకు తాళాలు మిగిలాయి. మీరు ఫొటో తీసింది దీన్నే.

సముద్రం వైపు ఇంకాస్త నడిస్తే రొయ్యల చెరువులు. చలికి తెల్లమచ్చ తెగులు భయం కాబట్టి చాలా చెరువులు ఎండగడతారు, ఏరియేటర్లు ఆగుతాయి. అదీ ప్రశాంతతే! ఆ చెరువుల్లో కొన్ని మా తాతలకిచ్చిన డి-పట్టా భూములు. చుట్టూ చెరువులు తవ్వితే మధ్యలో చేను ఉప్పెక్కుతుంది. పండని చేను లీజుకు పోతుంది. పట్టా ఉన్నవాడు తన భూమికి తనే కాపలా కూలీ అవుతాడు. అలాంటి ఒకాయన్ని "రాత్రిళ్లు చలి కాదా పెదనాన్నా?" అని అడిగాను. "మన భూమేగదరా, అలవాటే" అన్నాడు.

అసైన్డ్ భూముల అమ్మకం, లీజు చెల్లవని 1977లోనే చట్టం వచ్చింది. తమిళనాడులో దళిత కూలీల భూమి కోసం పనిచేసిన ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలిలోని రొయ్యల చెరువులు తీసేయమంది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి ఆ చెరువులకు దారి తెరిచింది. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూమిపై అసలు పట్టాదారుకు పూర్తి హక్కు ఇస్తూ 2023లో రాష్ట్రం సవరణ తెచ్చింది. హక్కు వచ్చేసరికి భూమి ఎవరి చేతిలో ఉంది?

రొయ్యలు ఉపాధి ఇవ్వలేదా అంటారు. ఇచ్చాయి. రొయ్యల షెడ్లలో మా అక్కచెల్లెళ్లు చేతులు పాసిపోయేలా తలలు తీస్తున్నారు. కూలి దొరికింది కాబట్టి భూమి అడగొద్దంటే ఒప్పుకోం.

సంక్రాంతికి ఊరెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక పని చేయండి. సమాచార హక్కు చట్టం కింద తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. మీ ఊళ్లో డి-పట్టాలు ఎవరెవరికి ఇచ్చారు, సర్వే నంబర్లేంటి, ఇప్పుడు ఆ భూమిలో ఎవరున్నారు అని అడగండి. వచ్చిన జాబితాను పేటలో అందరి ముందూ చదవండి. పెద్దవాళ్లు ఒక్కో నంబరు దగ్గర ఆపి, ఆ చేను కథ చెబుతారు. రాసుకోండి. ఊరి ప్రశాంతత చెడిపోతుందని ఎవరైనా అంటే, చెడిపోనివ్వండి.

జై భీమ్.