కొత్త వేరు కనిపించాక
వాండా టెస్సెల్లేటా తూర్పు కనుమల్లో చెట్టు కొమ్మలను పట్టుకుని పెరిగే ఆర్కిడ్. సామర్లకోటలో ఏళ్లపాటు పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1795లో దీన్ని వర్ణించాడు. ఇంట్లో నీరసించిన ఈ మొక్క పచ్చటి మొనతో కొత్త వేరు వేసిందంటే కోలుకుంటున్నట్టే. సరిగ్గా అప్పుడే ప్రేమకొద్దీ నీళ్లు, ఎరువు గుమ్మరించి చంపుకునేవారు ఎక్కువ, అదే బాధ. వేరు పైపొర స్పంజిలాంటిది. తడిస్తే ఆకుపచ్చగా, ఆరితే వెండిరంగులో ఉంటుంది. వెండిరంగుకు తిరిగాకే, పొద్దుటి పూట మళ్లీ తడపాలి. కుళ్లి మెత్తబడ్డ వేళ్లను కోసేసి గట్టివాటిని ఉంచాలి. మట్టి అసలు వద్దు, బొగ్గుముక్కలు చాలు. గోదావరి వానాకాలపు చెమ్మలో ఆకుల మొదట్లో నీరు నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది, కాబట్టి గాలి ఆడే పలుచని నీడలో వేలాడదీయాలి. పూకాడ వస్తే ఈసారికి తుంచేయడమే మేలు. ఆ బలం వేళ్లకు కావాలి.