వంతెనకు సంతకాలు ఇద్దరివే... మూడోవాడి మాటేంటి?

శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక మా గదిలో ఒక తమ్ముడు టికెట్ కాగితం పట్టుకుని కూర్చున్నాడు. రెండేళ్ల తర్వాత జగిత్యాల దగ్గరున్న సొంతూరికి పోతున్నాడు. రానూ పోనూ టికెట్. "అన్నా, విమానం ఛార్జీ ఇంతే ఉంది గదా, మరి కింద ఈ పన్నులు, ఫీజులు ఏంటివి?" అని అడిగాడు. ఒక్కో వరుసా చదువుకుంటూ పోయాం. అందులో ఒకటి హైదరాబాద్ విమానాశ్రయం ఫీజు. ఆ తమ్ముడికి శంషాబాద్‌లో ఇల్లు లేదు, దుకాణం లేదు. అయినా ఆ విమానాశ్రయం ఖర్చులో తన వంతు తాను కడుతూనే ఉన్నాడు. మనందరం కడుతూనే ఉన్నాం.

పేపర్లో 'పీపీపీ' అని కనిపిస్తే మనలో చాలామంది పేజీ తిప్పేస్తాం. ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం అంటే పెద్దోళ్ల యవ్వారం, మనకెందుకులే అనుకుంటాం. కానీ ఇవాళ బహ్రెయిన్‌లో చూసినా, మన తెలుగు రాష్ట్రాల్లో చూసినా కరెంటు, మెట్రో, విమానాశ్రయం, వంతెన అన్నీ ఈ దారిలోనే వస్తున్నాయి. ఇటుక పేర్చేది మనం. టికెట్టు కొనేది మనం. బిల్లు కట్టేదీ మనమే. ఒప్పందం మీద సంతకాలు మాత్రం ఇద్దరివే, ప్రభుత్వానిది, కంపెనీది. మూడోవాడి ఊసు అందులో ఉండదు. ఈ మూడోవాడి సంగతి ఒక్కో దేశం విడివిడిగా తేల్చలేదనీ, ఇరుగుపొరుగు దేశాలు కలిసి కూర్చుంటేనే తేలుతుందనీ మా అభిప్రాయం.

శంషాబాద్ చెప్పిన పాఠం

ముందు మన ఇంటి సంగతే చూద్దాం. శంషాబాద్ విమానాశ్రయానికి 2004 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. జీఎంఆర్‌కు 63 శాతం, మలేషియా విమానాశ్రయాల సంస్థకు 11 శాతం, కేంద్ర సంస్థకు 13, రాష్ట్రానికి 13. డబ్బు, చొరవ ఇక్కడివి. నడిపిన అనుభవం మలేషియాది. ఒక అభివృద్ధి చెందుతున్న దేశం ఇంకో దేశానికి ఇలా తోడు రావడం మంచిదే. ప్రభుత్వం దాదాపు 5,500 ఎకరాల భూమి ఇచ్చింది, వడ్డీ లేని అప్పుగా 315 కోట్లు ఇచ్చింది, మరో 107 కోట్లు గ్రాంటుగా ఇచ్చింది. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచి, బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు ఆపేశారు. బేగంపేట రోజుల్లో రోడ్డు మీద చుట్టాలు పడిగాపులు కాసిన సంగతి గుర్తున్నవాళ్లెవరూ కొత్త విమానాశ్రయం బాగాలేదనరు. మేమూ అనం.

కానీ ఆ ఏడాదే విదేశాలకు పోయే ప్రయాణికుడి మీద వెయ్యి రూపాయల ఫీజు పడింది. 2010లో అది 1,700 అయింది. ఆ తర్వాత పలుసార్లు మారింది. ఫీజు ఎంతుండాలో తేల్చేటప్పుడు గల్ఫ్ కూలీని అడిగినవాళ్లు లేరు. అమెరికా పోయే సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకూ, బహ్రెయిన్ వచ్చే తాపీ మేస్త్రీకీ ఒకటే లెక్క.

అదే ఒప్పందంలో ఇంకో షరతు కూడా ఉంది. 150 కిలోమీటర్ల లోపల పోటీ విమానాశ్రయం రాకుండా 25 ఏళ్ల దాకా రక్షణ. వరంగల్ దగ్గర మామునూరులో నిజాం కాలం నాటి రన్‌వే ఉన్నా, అక్కడ మళ్లీ విమానం దిగాలంటే ఈ షరతు అడ్డొచ్చింది. కంపెనీ ఒప్పుకుని, కేంద్రం పచ్చజెండా ఊపేసరికి 2025 ఫిబ్రవరి అయింది. భూమి తగాదాలూ ఉన్నాయి, అదొక్కటే కారణం అనం. కానీ 2004లో రాసిన ఒక షరతు ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఒక జిల్లాను ఆపగలిగిందంటే, ఒప్పందం రాసేరోజే అందరూ చదివి ఉండాల్సిందని అర్థం కావట్లేదా?

హైదరాబాద్ మెట్రో కథ ఇంకోటి. 2008లో టెండరు గెలిచిన మొదటి కంపెనీ, మాకు ప్రభుత్వం ఇవ్వాల్సింది లేదు, మేమే ఎదురిస్తాం అంది. 2009లో సత్యం కుంభకోణం బయటపడ్డాక ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీకి దక్కింది. 2017 నవంబరులో రైలు నడిచింది, 2020కి 69 కిలోమీటర్లు పూర్తయింది. అంతలో కరోనా వచ్చింది, జనం ఎక్కడం మానేశారు, అప్పు పెరిగింది. చివరికి 2025 సెప్టెంబరులో సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా మెట్రోను తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం ఒప్పుకుంది. లాభమొస్తే కంపెనీది, నష్టమొస్తే జనానిది అని ఒక్కమాటలో తేల్చేయడం న్యాయం కాదు, కంపెనీ కూడా నష్టపోయింది. కానీ చివరికి భారం ఎవరి భుజాన దిగిందో మాత్రం చూశాం.

ఇక్కడ కరెంటు కథ

ఇప్పుడు మనం బతుకుతున్న ఈ దీవి సంగతికొద్దాం. పాతకాపులకు గుర్తుండే ఉంటుంది, 2004 ఆగస్టులో ఒకరోజు బహ్రెయిన్ మొత్తం కరెంటు పోయింది. నడి ఎండాకాలం. ఏసీలు ఆగాయి, సిగ్నళ్లు ఆగాయి. అప్పటికే ఇక్కడి సర్కారు ప్రైవేటు పెట్టుబడి వైపు చూస్తోంది. అదే ఏడాది అల్ ఎజెల్ ప్లాంటు ఒప్పందం కుదిరింది. 2006లో హిద్ ప్లాంటు ప్రైవేటు చేతికి పోయింది. తర్వాత అల్ దూర్‌లో 1,234 మెగావాట్లది, దాని పక్కనే 1,500 మెగావాట్ల రెండోది వచ్చాయి. ఇవి కరెంటుతో పాటు సముద్రం నీటిని మంచినీళ్లుగా మారుస్తాయి. కంపెనీ కడుతుంది, ప్రభుత్వం ఏళ్ల తరబడి కొంటానని మాటిస్తుంది. పద్ధతి అది.

దాంతో పాటు ఇంకో మంచి పని జరిగింది. గల్ఫ్ దేశాలు 2001లో కలిసి ఒక విద్యుత్ గ్రిడ్ సంస్థ పెట్టుకున్నాయి. 2009లో సౌదీ, కువైట్, బహ్రెయిన్, ఖతార్ లైన్లు కలిశాయి. ఆ తర్వాత ఎమిరేట్స్, ఒమన్ చేరాయి. ఒక దేశంలో ప్లాంటు ఆగితే పక్క దేశం నుంచి కరెంటు వస్తుంది. ఖర్చును ఎవరికెంత లాభమో చూసుకుని వాటాలేసి పంచుకున్నారు. రాజకీయంగా మాటామాటా అనుకున్న రోజుల్లో కూడా ఆ తీగలు తెంపుకోలేదు. దేశాలు కలిసి రూలు రాసుకుంటే ఏమవుతుందో చూపించడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

మన దక్షిణాసియాలోనూ ఆ గాలి వీస్తోంది. 2024 నవంబరులో నేపాల్ కరెంటు మన దేశం లైన్ల మీదుగా బంగ్లాదేశ్‌కు చేరింది. కొంచెమే, 40 మెగావాట్లు. అయినా మూడు దేశాలు ఒక కాగితం మీద సంతకం పెట్టాయి. పక్క మంచం మీది నేపాలీ భాయ్ ఆ వార్త ఫోన్లో చూపించి మురిసిపోయాడు.

అయితే బిల్లు సంగతి మరిచిపోకూడదు. బహ్రెయిన్‌లో 2016 మార్చి నుంచి విదేశీయుల కరెంటు సబ్సిడీని దశలవారీగా తగ్గిస్తూ వచ్చారు. 2019కి యూనిట్ 29 ఫిల్సులకు చేరింది. గది అద్దెలో కరెంటు కలిపి ఇచ్చే రోజులు పోయాయి. ఎండాకాలం బిల్లొస్తే ఎనిమిది మందిమి పంచుకుంటున్నాం.

ఒక వంతెన, రెండు గడియారాలు

ఇప్పుడు అసలు విషయం. 1986లో తెరిచిన ఫహద్ వంతెన 25 కిలోమీటర్లు. దాని ఖర్చు సౌదీ ప్రభుత్వం భరించింది. వారాంతంలో ఆ వంతెన మీద బారులు తీరే కార్లు, ట్రక్కులు మనకు తెలుసు. అందుకే దాని పక్కన రెండో వంతెన కడతామని 2014లో ప్రకటించారు, హమద్ వంతెన. రోడ్డుతో పాటు రైలు పట్టాలు కూడా. ఈసారి సర్కారు ఖజానా నుంచి కాకుండా ప్రైవేటు డబ్బుతో కట్టాలని ఆలోచన. బహ్రెయిన్ మెట్రో మొదటి దశ, 29 కిలోమీటర్లు, 20 స్టేషన్లు, అది కూడా అదే పద్ధతిలో తేవాలని 2021లో పెట్టుబడిదారులను పిలిచారు. గల్ఫ్ దేశాలన్నిటినీ కలిపే రైలు సంగతి కూడా ఏళ్లుగా నలుగుతోంది.

ఇవన్నీ రావాలనే మేం కోరుకుంటాం. వస్తే పని వస్తుంది, పనొస్తే ఊరికి డబ్బు పోతుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఈ వంతెన ఒక కొస సౌదీలో, ఒక కొస బహ్రెయిన్‌లో. ఎండాకాలం మధ్యాహ్నం బయటి పని ఆపాలన్న రూలు రెండు చోట్లా ఉంది. సౌదీలో 12 నుంచి 3 వరకు. బహ్రెయిన్‌లో 12 నుంచి 4 వరకు. 2007లో ఇక్కడ రెండు నెలలకే మొదలైన ఈ రూలును 2025లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, మూడు నెలలకు పెంచారు. మంచిదే. మరి ఒకే వంతెన మీద ఒక కొసన మూడింటికే పారపట్టి, రెండో కొసన నాలుగింటిదాకా నీడలో కూర్చోవాలా? ఎండకు సరిహద్దు ఉండదు కదా.

జీతం సంగతీ అంతే. బహ్రెయిన్‌లో 2024 మార్చి నుంచి మన సర్వీసు డబ్బును యజమాని నెలనెలా ప్రభుత్వ సామాజిక బీమా సంస్థలో జమచేయాలి. మొదటి మూడేళ్లు జీతంలో 4.2 శాతం, ఆ తర్వాత 8.4 శాతం. కంపెనీ మూతపడ్డా ఆ డబ్బు పోదు. సౌదీలో ఈ పద్ధతి లేదు. అక్కడ 2024 అక్టోబరులో ఇంకోటి తెచ్చారు, కంపెనీ జీతాలు ఎగ్గొడితే ఆదుకునే బీమా. ఇక్కడొక మంచి రూలుంది, అక్కడొక మంచి రూలుంది. రెంటినీ కలిపి వంతెన ఒప్పందంలో రాస్తే ఎవరికి నష్టం?

ఇది ఊహ మీద చెప్పట్లేదు. మా గదిలోనే ఒక అన్న ఉన్నాడు, కడప జిల్లా వాడు. పెద్ద ప్రాజెక్టులోనే పని. కానీ పెద్ద కంపెనీ కింద ఒక కంపెనీ, దాని కింద ఇంకో సబ్ కాంట్రాక్టరు. ఐదు నెలల జీతం ఆగింది. సబ్ కాంట్రాక్టరు ఫోనెత్తడు. పైవాణ్ని అడిగితే, నువ్వు మా మనిషివి కాదు, మేం వాడికి డబ్బిచ్చేశాం అన్నాడు. ఇంట్లో బిడ్డ పెళ్లికి తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతోంది. మూడో నెలకు ఆ సబ్ కాంట్రాక్టరు వేరే దేశంలో కొత్త పేరుతో పని పట్టాడని తెలిసింది. ఇక్కడ ఫిర్యాదు ఇక్కడే ఉండిపోయింది.

ఇరుగుపొరుగు కలవాలని మేం అనేది అందుకే. ఒక్క దేశమే గట్టి రూలు పెడితే, ఎగ్గొట్టేవాడు పక్క దేశానికి పోతాడు. మంచి కంపెనీ టెండరులో ఓడిపోతుంది, చవగ్గా చూపినవాడు గెలుస్తాడు. ఆ చవక ఎక్కడి నుంచి వస్తుందో మనకు తెలుసు.

మేం అడిగేది మూడే

ఒకటి, జీతం ముందు. ప్రాజెక్టు డబ్బులో కూలీల జీతాలకు విడిగా ఖాతా ఉండాలి. సబ్ కాంట్రాక్టరు ఎగ్గొడితే పెద్ద కంపెనీయే ఇవ్వాలని ఒప్పందంలోనే రాయాలి.

రెండు, ఎగవేతదారుల పట్టిక ఒకటే ఉండాలి. ఆరు గల్ఫ్ దేశాలు కరెంటు తీగలు కలుపుకోగా లేనిది, జీతాలు ఎగ్గొట్టిన కంపెనీల పేర్లు కలిపి ఒక జాబితా పెట్టుకోలేవా? ఒకచోట బాకీ ఉన్నవాడికి ఇంకోచోట టెండరు ఇవ్వకూడదు.

మూడు, ఒప్పందం అందరూ చదివేలా ఉండాలి. టోల్ ఎంత, ఫీజు ఎంత, ఎన్నేళ్లు, ఎప్పుడెప్పుడు పెరుగుతుంది, నష్టమొస్తే ఎవరిది. ఇవి సంతకానికి ముందే బయటపెట్టాలి. శంషాబాద్, మెట్రో ఒప్పందాలు మనకు నేర్పింది ఇదే.

ఇలా బిగిస్తే పెట్టుబడి రాదని కొందరంటారు. ఒక్క దేశం బిగిస్తే ఆ మాట నిజమే కావచ్చు. అందరూ కలిసి ఒకే రూలు పెడితే కంపెనీ పోవడానికి ఇంకో చోటుండదు. అందరికీ రూలు ఒకటే అయితే నిజాయితీగా జీతమిచ్చే కంపెనీకే లాభం.

మన ప్రభుత్వానికీ ఇందులో పని ఉంది. కూలీలను పంపే ఆసియా దేశాలు 2003లో కొలంబో ప్రాసెస్ అని ఒక వేదిక పెట్టుకున్నాయి. 2008లో పంపే దేశాలు, పిలిచే దేశాలు కలిసి అబుధాబీ డైలాగ్ మొదలెట్టాయి. 2024లో కొలంబో ప్రాసెస్‌కు తొలిసారి మన దేశం అధ్యక్షత వహించింది. అక్కడ నైపుణ్యాల గురించి, రిక్రూట్‌మెంట్ గురించి మాట్లాడినట్టే, పెద్ద ప్రాజెక్టుల ఒప్పందాల్లో కూలీ జీతం మాట కూడా పెట్టాలి. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక ఒక గొంతుతో అడిగితే ఆ బలం వేరు. ఒకరు గట్టిగా అడిగితే ఇంకొకరు తక్కువకు మనుషుల్ని పంపే పద్ధతి ఉన్నంతకాలం మన మాటకు విలువుండదు.

ఇక మన వంతు. జీతం బ్యాంకులో పడుతోందా లేదా ప్రతి నెలా చూసుకోండి. సర్వీసు డబ్బు జమవుతోందో లేదో కంపెనీని అడగండి. ఒప్పందం కాగితం, సీపీఆర్ కాపీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, ఒకటి ఇంటికి కూడా పంపండి. సమస్య వస్తే ఐదో నెల దాకా ఆగకుండా మొదటి నెలలోనే ఎంబసీ ఓపెన్ హౌస్‌కు వెళ్లండి. మన అన్న ఆగాడు, అదే తప్పయింది.

రేపు హమద్ వంతెన కడితే దాని మీద రాజుల పేర్లుంటాయి, ఉండనీయండి. మన పేర్లు ఉండాలని అడగట్లేదు. ఇద్దరు సంతకం పెట్టే ఆ ఒప్పందంలో, కట్టినవాడికి జీతం ఇచ్చాకే మిగతా లెక్క అని ఒక్క మాట రాస్తే చాలు.