బరువు పెరగని రోజుల్లో ఏం చేయాలి?

నేలపై ఉన్న బార్‌ను రెండు చేతులతో పట్టుకొని, వెన్ను వంగకుండా నిటారుగా నిలబడే వరకూ పైకెత్తడమే డెడ్‌లిఫ్ట్. కాళ్లు, పిరుదులు, వీపు కలిసి పనిచేసే మేలైన వ్యాయామం ఇది. ఆరంభంలో వారం వారం బరువు పెరుగుతుంది. కొన్ని నెలలకు ఒక అంకె వద్ద ఆగిపోతుంది. అప్పుడు చాలామంది యువకులు రెండు పొరపాట్లలో ఒకటి చేస్తున్నారు: అదే బరువుతో రోజూ కుస్తీ పడతారు, లేదా ఇంజెక్షన్ల వైపు చూస్తారు. రెండూ తప్పుదారులే అని నా అభిప్రాయం.

మొదటి వారాలలో పెరిగే బలంలో అధిక భాగం నాడీ వ్యవస్థది. ఉన్న కండరాన్నే మరింత సమర్థంగా వాడుకోవడం శరీరం నేర్చుకుంటుంది. ఆ పాఠం ముగిశాక కండరమే పెరగాలి. అది నెలల తరబడి సాగే పని. అందుకే వేగం తగ్గుతుంది. ఒక చిన్న లెక్క చూడండి. 60 కిలోలతో మొదలుపెట్టి వారానికి 2.5 కిలోల చొప్పున పెంచుకుంటూ పోగలిగితే, మూడేళ్లకు 450 కిలోలు ఎత్తాలి. లోకంలో అది సాధ్యమైనవారు బహు కొద్దిమంది. 2016లో బ్రిటన్‌కు చెందిన ఎడ్డీ హాల్ 500 కిలోలు ఎత్తాడు. దానిపై ఒక్క కిలో చేర్చి 501 ఎత్తడానికి ఐస్‌లాండ్ బలశాలి బ్యోర్న్‌సన్‌కు 2020 దాకా పట్టింది. కనుక ఆగిపోవడం రోగమూ కాదు, అవమానమూ కాదు.

ముందుగా విశ్రాంతిని పరీక్షించుకోండి. బలం పెరిగేది బరువు ఎత్తే క్షణంలో కాదు, ఆ తరువాతి నిద్రలో, భోజనంలో. రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర లేనివారికి ఏ ప్రణాళికా ఫలించదు. ఆరేడు వారాలకొకసారి, ఒక వారం పాటు సెట్లనో బరువునో సగానికి తగ్గించండి. పేరుకున్న అలసట తీరాక పాత బరువే తేలికగా లేవడం తరచుగా చూస్తాం.

తరువాత పళ్లెం చూడండి. భారతీయులకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచించింది. బరువులెత్తేవారికి దాదాపు 1.6 గ్రాములు అవసరమవుతాయి. 60 కిలోల మనిషికి అది 96 గ్రాములు. అన్నం రాశిగా, పప్పు చారుగా ఉండే భోజనంతో అది సమకూడదు. గుడ్లు, పెరుగు, శనగలు, చేపలు పెరగాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగే మార్చుకోవాలి.

ఇక బార్ ఎక్కడ ఆగుతోందో గమనించండి. నేల నుంచే లేవకపోతే కాళ్ల బలాన్నీ, నిలబడే తీరునూ సరిచూసుకోవాలి. మోకాళ్లు దాటాక ఆగితే పిరుదులకు పని చెప్పాలి. చేతుల్లోంచి జారితే పట్టు పెంచుకోవాలి. వెన్ను గుండ్రంగా వంగుతుంటే బరువు తగ్గించడమే మందు. 100 కిలోలను ఐదుసార్లు ఎత్తేవారు ఆరుసార్లు ఎత్తినా అది ప్రగతే.

స్టెరాయిడ్లు అంకెను పెంచవచ్చు. ఆ పెరుగుదలకు మూల్యం చెల్లించేది గుండె. మంచి కొలెస్టరాల్ పడిపోతుంది, రక్తపోటు పెరుగుతుంది, వీర్యకణాలు తగ్గిపోతాయి. వ్యాయామశాలలో వీటిని అమ్మజూపేవాడు శిక్షకుడు కాదు.

రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు ఊపిరి బిగబట్టి భారీ బరువులు ఎత్తరాదు. నడుము నొప్పి కాలిలోకి పాకినా, కాలు మొద్దుబారినా వ్యాయామం ఆపి వైద్యుని కలవండి. మూత్ర విసర్జనపై అదుపు తప్పినా, మూత్రం బిగిసిపోయినా ఒక్క గంట కూడా జాగు చేయక ఆసుపత్రికి వెళ్లండి.

ఎంత బరువు ఎత్తామన్న దానికన్నా, అరవయ్యో ఏట కూడా బియ్యం మూటను నొప్పి లేకుండా ఎత్తగలమా అన్నదే అసలైన కొలత. ఆ కొలతతో చూస్తే, నాలుగు నెలలు ఒకే అంకె వద్ద ఆగడం పెద్ద ఆలస్యమేమీ కాదు.